మూరెడు జాగాలో పెద్ద బండి

అమెరికా అంతర్రాష్ట్ర రహదారి మీద ఒక లేన్ వెడల్పు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. 1977 నుంచి అక్కడ పికప్ ట్రక్కుల అమ్మకాల్లో ముందున్నవి ఫోర్డ్ ఎఫ్ సిరీస్ బళ్లు. వాటిలో ఎక్కువగా కనిపించే ఎఫ్-150 వెడల్పు, పక్కద్దాలు వదిలేస్తే, 2.03 మీటర్లు. బండి సరిగ్గా నడిమధ్యన ఉంటే అటు 81 సెంటీమీటర్లు, ఇటు 81 సెంటీమీటర్లు మిగులుతాయి. మన కొలతల్లో చెప్పాలంటే రెండు మూరలకు కాస్త తక్కువ.

ఇప్పుడు బండి గంటకు 70 మైళ్ల వేగంతో, అంటే సుమారు 113 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. సెకనుకు 31 మీటర్లు. ఆ వేగంలో బండి ముక్కు ఒకే ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే కంటికి ఆనదు. కానీ బండి సెకనుకు 55 సెంటీమీటర్ల చొప్పున పక్కకు జరిగిపోతూ ఉంటుంది. ఒకటిన్నర సెకనులో ఆ 81 సెంటీమీటర్లూ అయిపోయి, చక్రం గీత మీదికి ఎక్కుతుంది. వెనక 2.59 మీటర్ల వెడల్పున్న ట్రైలర్ కట్టి ఉంటే దానికి పక్కన మిగిలేది 53 సెంటీమీటర్లే. మూరెడు జాగా, దగ్గర దగ్గర ఒక్క సెకను వ్యవధి.

ఈ జాగాలో బండిని నిలబెట్టే పని నిన్న మొన్నటి దాకా డ్రైవర్ చేతులదే. తిన్నని రోడ్డు మీద కూడా ఆ చేతులు ఊరుకోవు. గాలి తోస్తుంది, రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది, టైరు గుంటలో పడి లేస్తుంది. చేతులు పిసరంత అటు, పిసరంత ఇటు సర్దుతూనే ఉంటాయి. గంటల తరబడి సాగే ఆ చిన్న సర్దుబాట్లను యంత్రానికి అప్పగించే ఏర్పాటు పేరు లేన్ సెంటరింగ్. ఇప్పుడు అమెరికాలో అమ్మే చాలా పికప్‌లలో అది ఉంది. టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్ల వాకిళ్లలోనూ అలాంటి బళ్లు కనిపిస్తున్నాయి.

అది ఎంత బాగా పనిచేస్తుంది? ఖాళీ బండి, తేటగా కనిపించే గీతలు, పొడి రోడ్డు ఉంటే చాలా బాగా. అయితే పికప్ పుట్టింది ఖాళీగా తిరగడానికి కాదు. బరువు మోయడానికి, ట్రైలర్ లాగడానికి. ఆ పనికి దిగిన క్షణం నుంచి బండి స్వభావమే మారిపోతుంది. లేన్ సెంటరింగ్ బలం, బలహీనత రెండూ అక్కడే బయటపడతాయి.

గట్టు మీద మూడు రకాల తోడు

ఒకే కుటుంబానికి చెందిన మూడు ఏర్పాట్లను జనం ఒకే పేరుతో పిలుస్తున్నారు. అవి వేరువేరు. పొలం గట్టు మీద చిన్నపిల్లవాడు నడుస్తున్నాడనుకుంటే తేడా సులువుగా తెలుస్తుంది. కాలు గట్టు దాటబోతుంటే వెనక నుంచి "జాగ్రత్త" అని కేకవేసే పెద్దమనిషి మొదటి రకం. అది లేన్ డిపార్చర్ వార్నింగ్. ఇది శబ్దం చేస్తుంది, లేదా స్టీరింగ్‌ను వణికిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. కాలు జారబోయినప్పుడు భుజం పట్టి లోపలికి తోసేవాడు రెండో రకం. అది లేన్ కీపింగ్ అసిస్ట్. పిల్లవాడి చెయ్యి మొదటి నుంచీ పట్టుకుని గట్టు నడిమిన నడిపించేవాడు మూడో రకం. అదే లేన్ సెంటరింగ్.

మొదటి రెండూ తప్పు జరగబోతున్నప్పుడే మేలుకుంటాయి. మూడోది ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. ముందు బండికి తగినట్టు వేగాన్ని పెంచి తగ్గించే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్‌తో అది జతకలిస్తే, ఎస్ఏఈ ఇంటర్నేషనల్ సంస్థ రూపొందించిన జె3016 ప్రమాణంలో రెండో స్థాయి అవుతుంది. ఆ ప్రమాణంలో 0 నుంచి 5 దాకా స్థాయిలున్నాయి. రెండో స్థాయికి అర్థం ఒక్కటే: స్టీరింగ్, వేగం యంత్రం చూసుకుంటున్నా, బండి నడుపుతున్నది మాత్రం మనిషే. రోడ్డును కనిపెట్టి ఉండాల్సిందీ, తప్పు జరిగితే దిద్దాల్సిందీ, బాధ్యత మోయాల్సిందీ అతనే. కొన్ని బళ్లలో చేతులు వదిలేయడానికి అనుమతి ఉన్నా ఈ అర్థం మారదు. చేతులకు సెలవు దొరుకుతుంది గానీ కళ్లకు దొరకదు.

మనిషి కోసం గీసిన గీత, యంత్రం చదువుతోంది

రోడ్డు నడుమ తెల్లగీత గీయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని వేన్ కౌంటీలో రహదారుల వ్యవహారాలు చూసిన ఎడ్వర్డ్ హైన్స్ 1911లో ఆ పని చేయించాడు. పాలబండి నుంచి కారిన పాలు రోడ్డు మీద చారగా పడటం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. నూరేళ్ల పాటు ఆ గీత మనిషి కంటి కోసమే ఉంది. ఇప్పుడు దాన్ని చదివే రెండో కన్ను వచ్చింది. ముందద్దం వెనక, లోపలి అద్దానికి దగ్గరగా బిగించిన చిన్న కెమెరా అది.

యంత్రానికి ఈ చదువు నేర్పడానికి చాలా ఏళ్లు పట్టింది. జర్మనీలో ఎర్నెస్ట్ డిక్‌మాన్స్ బృందం 5 టన్నుల మెర్సిడెస్ వ్యానులో కెమెరాలు, కంప్యూటర్లు నింపి 1987లో ఖాళీ ఆటోబాన్ మీద గంటకు 96 కిలోమీటర్ల వేగంతో నడిపింది. ఆయన పట్టుకున్న కీలకం ఇది: చిత్రంలోని ప్రతి చుక్కనూ అర్థం చేసుకోవాలని కూర్చుంటే పని తెమలదు, రోడ్డుకు ఒక రూపం ఉంటుందని ముందే తెలుసుకుని, ఆ రూపం ఇప్పుడు ఎటు వంగుతోందో మాత్రమే వెతకాలి. రహదారి మలుపులను ఇంజనీర్లు ఒక్కసారిగా వంచరు. తిన్నని దారి నుంచి వంపులోకి మెల్లమెల్లగా, స్టీరింగ్‌ను ఒకే తీరున తిప్పుతూ పోగలిగేలా కడతారు. ఆ వంపునే క్లోతాయిడ్ అంటారు. ఆ రూపాన్ని నమ్ముకుంటే గీత కాసేపు కనిపించకపోయినా అది ఎక్కడ ఉండాలో ఊహించవచ్చు.

1995 జులైలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన డీన్ పామర్లో, టాడ్ జోకెమ్ ఒక పాంటియాక్ వ్యానులో పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియెగో దాకా దాదాపు 4,600 కిలోమీటర్లు ప్రయాణించారు. దారిలో 98.2 శాతం దూరం స్టీరింగ్ కంప్యూటరే తిప్పింది. యాక్సిలరేటర్, బ్రేకు మాత్రం వాళ్ల కాళ్ల కిందే ఉన్నాయి. నేటి లేన్ సెంటరింగ్‌కు అది నేరుగా పూర్వరూపం. 98.2 శాతం గొప్ప సంఖ్యే. మిగిలిన 1.8 శాతం మాటేమిటన్నది ఈనాటికీ తెగని ప్రశ్న.

అమెరికా రహదారుల మీద విడివిడి గీత సాధారణంగా 10 అడుగుల పొడవుంటుంది, తర్వాత 30 అడుగులు ఖాళీ. 70 మైళ్ల వేగంలో కెమెరా ముందు నుంచి సెకనుకు రెండున్నర గీతలు దూసుకుపోతాయి. వాటిని కలిపి రెండు ఒంపుతిరిగిన పట్టాలుగా ఊహించుకుని, నడిమి దారిని లెక్కగట్టాలి. రాత్రిపూట గీతలు మెరవడానికి రంగులో సన్నని గాజుపూసలు కలుపుతారు. అవి హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. వాన పడితే పూసల మీద నీటి పొర పరుచుకుని ఆ మెరుపు చచ్చిపోతుంది. ఎండ వాలినప్పుడు తెల్లటి కాంక్రీటు మీద తెల్లగీత కలిసిపోతుంది. పగుళ్లు పూడ్చిన తారు చారలు గీతల్లా తళుక్కుమంటాయి. ఇందుకే 2023 డిసెంబరులో వచ్చిన అమెరికా జాతీయ రహదారి గుర్తుల నియమావళి పెద్ద రహదారులకు 4 అంగుళాల గీతలు చాలవని, 6 అంగుళాలవి కావాలని చెప్పింది. రోడ్డుకు వేసే రంగు కూడా ఇప్పుడు బండి యంత్రాంగంలో భాగమే.

చూసినంత మాత్రాన సరిపోదు, తిప్పాలి

గీతలు కనిపించాక స్టీరింగ్ తిప్పాలి. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లు బానెట్ ముందరి రోడ్డునే చూస్తారు. పక్కకు పోయామని తెలిసేసరికి ఎక్కువ తిప్పుతారు, అది అటు పోతుంది, మళ్లీ ఇటు తిప్పుతారు. అనుభవం వచ్చాక చూపు దూరానికి పోతుంది, చేతులు నెమ్మదిస్తాయి. సాఫ్ట్‌వేర్‌దీ అదే కథ. ఎంత దూరం ముందు చూడాలి, ఎంత తేడా ఉంటే ఎంత తిప్పాలి అన్న లెక్క కుదరకపోతే బండి రెండు గీతల మధ్య బంతిలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. తొలితరం వ్యవస్థల మీద డ్రైవర్ల ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

దీనికి ఆలస్యం తోడవుతుంది. కెమెరా చిత్రం తీయాలి, కంప్యూటర్ అర్థం చేసుకోవాలి, మోటారు తిప్పాలి, టైరు వంగాలి, అప్పుడు గానీ బండి కదలదు. ఈ మొత్తంలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా బండి 3 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అంటే యంత్రం ఎప్పుడూ కాస్త పాత వార్తనే చదువుతూ నిర్ణయాలు తీసుకుంటుంది. బండి ఎలా స్పందిస్తుందో దానికి ముందే తెలిసి ఉంటేనే ఆ ఆలస్యాన్ని పూడ్చుకోగలదు.

తిప్పే చెయ్యి విద్యుత్ మోటారు. ఎఫ్-150కి 2011 మోడల్ నుంచి విద్యుత్ పవర్ స్టీరింగ్ వచ్చింది. అప్పుడు చెప్పిన కారణాల్లో ఇంధన ఆదా ముఖ్యమైనది. ఆ మోటారే తర్వాత లేన్ సెంటరింగ్‌కు చెయ్యి అయింది. ఇంకా పెద్ద పికప్‌ల పరిస్థితి వేరు. గట్టి ఇరుసు, నూనె ఒత్తిడితో పనిచేసే పాతకాలపు స్టీరింగ్ పెట్టె వాటిలో ఎక్కువ. మెకానిక్కులు "స్టీరింగులో ప్లే ఉంది" అంటారే, ఆ కాస్త వదులు అక్కడ సహజం. మనిషి చేతికి ఆ వదులు అలవాటైపోతుంది. మిల్లీమీటర్ల లెక్కలో పనిచేసే యంత్రానికి అది పెద్ద చిక్కు. కార్లలో మామూలైపోయిన సౌకర్యం అత్యంత బరువైన పికప్‌లకు ఆలస్యంగా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఉదయం ఒక బండి, సాయంత్రం ఇంకో బండి

కారు పొద్దున ఎలా ఉంటుందో సాయంత్రమూ దాదాపు అలాగే ఉంటుంది. మహా అయితే నలుగురు మనుషులు, రెండు పెట్టెలు ఎక్కువవుతాయి. పికప్ అలా కాదు. ఖాళీ తొట్టితో బయల్దేరి, మధ్యాహ్నానికి అరటన్ను సిమెంటు ఎక్కించుకుని, సాయంత్రం ఒక పడవను లాక్కుంటూ ఇంటికి రావచ్చు. 2021 ఎఫ్-150లో కొన్ని రకాలు 14,000 పౌండ్లు, అంటే సుమారు 6,350 కిలోలు లాగగలవు. తన బరువుకు రెండింతల పైమాటే.

మొదట కన్ను సంగతి చూద్దాం. ఖాళీ పికప్‌ను పక్కనుంచి చూస్తే వెనక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది. బరువెక్కాక సమంగా రావాలని అలా కడతారు. ఎఫ్-150లో బాగా వాడుకలో ఉన్న రకానికి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 3.69 మీటర్లు. బరువుకు వెనక భాగం ముందుకంటే 6 సెంటీమీటర్లు ఎక్కువ కుంగితే బండి మొత్తం దాదాపు ఒక డిగ్రీ పైకి చూస్తుంది. దానితో పాటు కెమెరా కూడా. కెమెరా నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉందనుకుని లెక్క వేస్తే, ఈ మార్పును సరిచేసుకోని కంప్యూటర్‌కు 50 మీటర్ల దూరంలోని గీత 32 మీటర్ల దూరంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే మంచి వ్యవస్థలు ప్రయాణంలోనే తమ చూపును సరిదిద్దుకుంటాయి. రెండు గీతలూ సమాంతరంగా ఉండాలన్న ఒక్క సత్యాన్ని పట్టుకుని, అవి అలా కనిపించకపోతే తప్పు తమ కోణంలో ఉందని గ్రహించి దిద్దుకుంటాయి. బండిని ఎత్తు పెంచుకునేవాళ్లు, పెద్ద టైర్లు వేయించుకునేవాళ్లు, ముందద్దం మార్పించుకునేవాళ్లు కెమెరాను మళ్లీ సరిచేయించుకోవాలని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

తర్వాత ఒంటి సంగతి. స్టీరింగ్ ఇంత తిప్పితే బండి ఇంత తిరుగుతుందన్న లెక్క బరువు ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. తొట్టిలో బరువు పడితే వెనక టైర్ల మీద భారం పెరుగుతుంది. అదే స్టీరింగ్ కోణానికి ఖాళీ బండి ఒకలా, నిండు బండి ఇంకోలా తిరుగుతుంది. అనుభవమున్న డ్రైవర్ ఊరు దాటకముందే ఆ తేడాను నడుముతో గ్రహిస్తాడు. యంత్రం చక్రాల వేగం, బండి తిరిగే వేగం కొలిచే సెన్సర్లతో దాన్ని రాబట్టుకోవాలి.

గాలి మూడోది. పక్కగాలి వేగం పెరిగేకొద్దీ తోపూ పెరుగుతుంది. వయోమింగ్ గుండా పోయే ఇంటర్‌స్టేట్ 80 లాంటి దారుల్లో పికప్ నిటారు గోడలాంటి పక్కభాగాన్ని గాలికి అప్పగించి పోతుంది. గాలి ఒకే తీరున వీస్తే లేన్ సెంటరింగ్ దాన్ని బాగానే తట్టుకుంటుంది. కొంచెం కొంచెంగా స్టీరింగ్‌ను గాలికి ఎదురు పట్టి ఉంచుతుంది. మనిషి చేతులకు అలసట తప్పించే విషయంలో ఇది నిజంగా గొప్ప మేలు. చిక్కు వచ్చేది ఒక్కసారిగా మారే గాలితో. పెద్ద లారీ మన బండిని దాటిపోతున్నప్పుడు దాని ముందరి గాలి మొదట బయటికి తోసి, వెంటనే లోపలికి లాగినట్టవుతుంది. లారీ కనిపించగానే డ్రైవర్ చేతులు బిగుసుకుంటాయి. యంత్రం తోపు తగిలాకే స్పందిస్తుంది.

నడిమధ్య అన్నివేళలా సరైన చోటు కాదు

ట్రాక్టరుకు తొట్టి కట్టి నడిపిన రైతుకు ఎవరూ నేర్పకుండానే ఒక సంగతి తెలుసు. మలుపులో తొట్టి ట్రాక్టరు చక్రాల జాడలోనే రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. అందుకే అతను మలుపును వెడల్పుగా తీసుకుంటాడు. పికప్‌కు కట్టిన ట్రైలర్‌దీ అదే పద్ధతి. కొక్కెం నుంచి ఇరుసు దాకా ఉన్న పొడవును అంతతోనే హెచ్చించి, మలుపు వ్యాసార్ధానికి రెండింతలతో భాగిస్తే ఎంత లోపలికి జరుగుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 7 మీటర్ల ట్రైలర్, 300 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు అయితే 8 సెంటీమీటర్లు. పెద్ద రహదారి మీద పరవాలేదు. అదే 100 మీటర్ల వ్యాసార్ధమున్న దిగుదారి అయితే 25 సెంటీమీటర్లు. మనకున్న మూరెడు జాగాలో సగం దగ్గర దగ్గర పోయింది. యంత్రం మాత్రం తన ఒంటిని నడిమిన నిలిపి తృప్తిగా ఉంటుంది. వెనక చక్రం గీత వైపు జరుగుతోందన్న సంగతి దానికి ప్రత్యేకంగా చెప్పి ఉండాలి.

కంపెనీలకు ఈ సంగతి తెలుసు. జనరల్ మోటార్స్ 2017లో కాడిలాక్ సీటీ6తో సూపర్ క్రూజ్ తెచ్చింది. మధ్యలో విభాగిని ఉన్న రహదారులను ముందే లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే లైడార్‌తో కొలిచి పటాలు తయారుచేసుకుంది. కెమెరా చూపు అందనంత దూరంలోని మలుపు కూడా పటంలో ఉంటుంది కాబట్టి బండి ముందే సిద్ధపడగలదు. మొదట 1,30,000 మైళ్లతో మొదలైన ఆ పటాలను 4,00,000 మైళ్లకు పెంచుతామని 2022లో ప్రకటించింది. అదే ఏడాది జీఎంసీ సియెరా, షెవర్లే సిల్వరాడో పికప్‌లకు ఈ వ్యవస్థ వచ్చింది. ట్రైలర్ కట్టి ఉన్నా చేతులు వదలడానికి అనుమతించింది. అయితే ట్రైలర్ ఉన్నప్పుడు తనంతట తాను లేన్ మారే సదుపాయాన్ని పక్కన పెట్టింది. తన హద్దు తాను ఎరిగిన యంత్రాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఫోర్డ్ 2021లో ఎఫ్-150కి బ్లూక్రూజ్ ఇచ్చింది. మరుసటి ఏడాది తెచ్చిన కొత్త రూపంలో ఒక చిన్న మార్పు ఉంది. పక్క లేన్‌లో పెద్ద లారీ ఉంటే బండి నడిమధ్య నుంచి కాస్త అవతలికి జరిగి నడుస్తుంది. లారీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు తరతరాలుగా చేస్తున్న పనే ఇది. లేన్ సెంటరింగ్ అని పేరు పెట్టుకున్న వ్యవస్థ, సెంటర్ ఒక్కటే గమ్యం కాదని ఒప్పుకున్న క్షణం అది. సరైన చోటు గీతలతోనే తేలదు. పక్కన ఎవరున్నారు, వెనక ఏం కట్టి ఉంది, ముందు ఏ మలుపు ఉంది అన్నవాటితో తేలుతుంది.

ట్రైలర్ ఊగడం గురించి కూడా చెప్పాలి. మామూలు ట్రైలర్‌లో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సర్దాలని సూత్రం. వెనక ఎక్కువ బరువు సర్దితే వేగంలో ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది. అలాంటప్పుడు ఆలస్యంగా వచ్చే స్టీరింగ్ సర్దుబాటు ఊపును తగ్గించే బదులు పెంచవచ్చు. ఉయ్యాలను తప్పు సమయంలో తోస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఏ సాఫ్ట్‌వేరూ తప్పుగా సర్దిన బరువును దిద్దలేదు.

లెక్కలు ఏమంటున్నాయి

2020లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ రెండో స్థాయి వ్యవస్థలున్న కార్లను, ఎస్‌యూవీలను 4,000 మైళ్లు మామూలు రోడ్ల మీద నడిపి చూసింది. సగటున ప్రతి 8 మైళ్లకు, అంటే 13 కిలోమీటర్లకు ఒక ఇబ్బంది ఎదురైంది. వాటిలో 73 శాతం లేన్‌కు సంబంధించినవే: గీత దాటడం, లేన్‌లో నిలకడ లేకుండా నడవడం. ఆ తర్వాత వ్యవస్థలు మెరుగుపడ్డాయి, నిజమే. కానీ కష్టమంతా ఎక్కడుందో ఆ పరీక్ష తేటగా చూపింది.

అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడుస్తూ రహదారి భద్రతను పరిశోధించే సంస్థ ఐఐహెచ్ఎస్ వెలువరించిన లెక్కలు ఇంకా ఆలోచింపజేస్తాయి. కేకవేసి ఊరుకునే లేన్ డిపార్చర్ వార్నింగ్, ఒంటరి బండి ప్రమాదాలు, పక్కలు రాసుకునే ప్రమాదాలు, ఎదురెదురు ఢీలు కలిపి 11 శాతం తగ్గించిందని, వాటిలో గాయాలయ్యేవాటిని 21 శాతం తగ్గించిందని 2017లో ఆ సంస్థ తేల్చింది. నిరంతరం చెయ్యి పట్టుకుని నడిపించే రెండో స్థాయి వ్యవస్థల గురించి 2024 జులైలో అదే సంస్థ చెప్పిందేమిటంటే, నిస్సాన్, బీఎండబ్ల్యూ కార్ల సమాచారం పరిశీలించాక, అవి ప్రమాదాలను తగ్గిస్తున్నాయనడానికి నమ్మదగిన ఆధారం కనిపించలేదని. తక్కువ పని చేసే ఏర్పాటుకు నిరూపితమైన మేలు ఉంది. ఎక్కువ పని చేసేదానికి ఇంకా లేదు. ఇది వింతగా తోచవచ్చు, కానీ కారణం ఉంది. మొదటిది మనిషిని మేలుకొలుపుతుంది. రెండోది, అజాగ్రత్తగా కడితే, జోకొడుతుంది.

జోకొట్టిన ఫలితం ఎలా ఉంటుందో 2018 మార్చి 23న కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో కనిపించింది. బండి పికప్ కాదు, టెస్లా మోడల్ ఎక్స్. రహదారి రెండుగా చీలే చోట, రెండు దారుల నడుమ ఉన్న ఖాళీ స్థలాన్ని లేన్‌గా పొరబడి యంత్రం అటు తిప్పింది. గంటకు 71 మైళ్ల వేగంతో కాంక్రీటు అడ్డుగోడ వైపు దూసుకుపోయింది. డ్రైవర్ చనిపోయాడు. వ్యవస్థ పరిమితులతో పాటు, డ్రైవర్ ఫోన్‌లో ఆటలో మునిగి ఉండటం కూడా కారణమని జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. ఢీ తీవ్రతను తగ్గించాల్సిన రక్షణ పరికరం అంతకుముందు ప్రమాదంలో దెబ్బతిని, ఇంకా బాగు చేయకుండా ఉంది. రోడ్డు, యంత్రం, మనిషి ముగ్గురూ ఒకేచోట తప్పారు.

కాపలా కాయడం మనిషికి కష్టం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ తెర ముందు కూర్చున్న బ్రిటిష్ వైమానిక సిబ్బంది కొంతసేపయ్యాక గుర్తులను ఎందుకు గమనించలేకపోతున్నారో తెలుసుకోవాలని మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ ఒక ప్రయోగం చేశాడు. గడియారం ముల్లులాంటి ముల్లు టిక్ టిక్‌మని కదులుతూ ఉంటుంది. అరుదుగా ఒకసారి రెండడుగులు దూకుతుంది. ఆ గెంతును పట్టుకోవాలి. అరగంట తిరిగేసరికే జనం చూపు జారడం మొదలైందని 1948లో ఆయన ప్రచురించాడు. ఏమీ జరగని చోట ఏదో జరుగుతుందేమోనని చూస్తూ కూర్చోవడం మనిషి మెదడుకు పడని పని. 1983లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బైన్‌బ్రిడ్జ్ ఇదే విషయాన్ని మరింత పదును చేసి చెప్పింది: తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే, మనిషికి మిగిలేవి అత్యంత కష్టమైన క్షణాలు, ఆ క్షణాలకు కావలసిన అలవాటు మాత్రం చేతి నుంచి అప్పటికే జారిపోయి ఉంటుంది.

కాబట్టి లేన్ సెంటరింగ్ నాణ్యతను బండి ఎంత తిన్నగా పోతోందన్న దానితోనే కొలవకూడదు. మనిషిని తన పనిలో ఎంత కలుపుకుంటోందన్న దానితోనూ కొలవాలి. స్టీరింగ్ మీద చేతి బరువు ఉందో లేదో చూసే పాత పద్ధతిని బరువు వేలాడదీసి మోసం చేసినవాళ్లున్నారు. సూపర్ క్రూజ్ స్టీరింగ్ దగ్గర పరారుణ కెమెరా పెట్టి డ్రైవర్ చూపు రోడ్డు మీదే ఉందా అని గమనిస్తుంది. స్టీరింగ్ చక్రం పైభాగాన ఉన్న దీపం పచ్చగా ఉంటే యంత్రం నడుపుతోంది. మీరు చెయ్యి వేసి కాస్త పక్కకు జరిపితే నీలంగా మారి మీకు దారి ఇస్తుంది, వదిలితే మళ్లీ తీసుకుంటుంది. ఎర్రగా మెరిస్తే వెంటనే మీరే పట్టుకోవాలి. ఇద్దరు కలిసి కాడి మోసే పద్ధతి ఇది.

2024 మార్చిలో ఐఐహెచ్ఎస్ ఇలాంటి 14 వ్యవస్థలను వాటి కాపలా ఏర్పాట్లను బట్టి పరీక్షించింది. ఉత్తమం అన్న మాట ఒక్కదానికీ దక్కలేదు. ఒక లెక్సస్ కారుకు పరవాలేదన్న మాట దక్కింది. జీఎంసీ సియెరా పికప్‌లోని సూపర్ క్రూజ్, నిస్సాన్ అరియాలోని ఒక వ్యవస్థ అంతకంటే కింది మెట్టున నిలిచాయి. ఫోర్డ్ మాక్-ఈ కారులోని బ్లూక్రూజ్‌తో సహా మిగిలిన 11 నాసిరకం అనిపించుకున్నాయి. డ్రైవర్ స్టీరింగ్ కాస్త తిప్పగానే అలిగి పూర్తిగా పని మానేసే వ్యవస్థలకు ఆ పరీక్షలో మార్కులు తగ్గాయి. న్యాయమైన కొలమానం. అలా అలిగే తోడు ఉంటే మనిషి చెయ్యి వేయడానికే వెనకాడతాడు.

మన వైపు నుంచి ఒక చూపు

తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కర్మాగారంలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చాక లేన్ సహాయకాల గురించి మన దగ్గర కూడా మాటలు పెరిగాయి. అమెరికా రోడ్ల మీద నేర్చుకున్న కన్ను మన రోడ్లకు సరిపోదన్న స్పృహతోనే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్‌తో కలిసి హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద 182 ప్రయాణాల నుంచి పదివేల చిత్రాలు సేకరించి, ఆటోలూ పశువులూ సహా ప్రతిదానికీ గుర్తులు పెట్టి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో టిహాన్ కేంద్రం స్వయంచాలిత వాహనాల పరీక్షా మైదానాన్ని 2022లో తెరిచింది. గీతలు లేని రోడ్డు మీద నడిమధ్య ఏదో తేల్చడం ఇంకా పెద్ద ప్రశ్న. దానికి జవాబు వెతికే పని తెలుగు నేల మీద జరుగుతుండటం నాకు సంతోషం.

పికప్ నడిపేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. ఈ వ్యవస్థ మీ అలసట తగ్గిస్తుంది. దూర ప్రయాణంలో అది చిన్న మేలు కాదు, వాడుకోండి. కానీ తొట్టిలో బరువు ఎక్కించిన రోజున, ట్రైలర్ తగిలించిన రోజున మీ కింద ఉన్నది నిన్నటి బండి కాదని గుర్తుంచుకోండి. ముందు యజమాని పుస్తకం తీసి, ట్రైలర్ ఉన్నప్పుడు ఏది పనిచేస్తుందో, ఏది చేయదో చదవండి. ఆ పూట మొదటి కొన్ని మైళ్లు స్టీరింగ్ మీరే పట్టుకుని, బండి ఎలా తిరుగుతోందో మీ ఒంటికి తెలియనివ్వండి. ఆ తర్వాత యంత్రానికి ఇవ్వండి. అది తడబడితే అప్పుడు మీకు వెంటనే తెలుస్తుంది. మూరెడు జాగాలో మీకు దొరికేది ఒక్క సెకను. బండి ఇవాళ ఎలా ఉందో మీ చేతులకు ముందే తెలిసి ఉంటే ఆ ఒక్క సెకను చాలుతుంది.